గుండ్రటి గుడ్ల గ్యారంటీ

మొదట్లో దొరబాబు చేతిలో ఉన్నవి ఇవే: పెదజాలరిపేటలో ఒక డాబా, దాని మీద కొన్ని నాటుకోళ్ళు, హార్బర్ నుంచి ఊరికే వచ్చే చేప తలకాయలు, వీటన్నిటికన్నా బరువైన ఒక నోరు. తాత, తండ్రి, అన్న అందరూ వేటకెళ్ళేవాళ్ళే. ఇతను బోటెక్కితే మాత్రం వల కన్నా ముందు వాంతి నీళ్ళలో పడేది. అందుకని గట్టు మీదే ఉండిపోయి కోడిపిల్లల వ్యాపారం పెట్టాడు. గోడ మీద "పెట్ట పిల్లలు - గ్యారంటీ" అని రాయించాడు.

ఆ గ్యారంటీకి ఆధారం వాళ్ళ మామ్మ చిట్టమ్మ చెప్పిన సూత్రం. గుండ్రటి గుడ్డయితే పెట్ట, మొనదేలిన గుడ్డయితే పుంజు. ఎంత ఏరి పొదగేసినా సుమారు సగం పుంజులే తేలతాయని దొరబాబుకి అనుభవం మీద తెలుసు. అయితే పుంజు వచ్చినవాడు మసాలా నూరుకుంటాడు తప్ప ఫిర్యాదు చెయ్యడు. వ్యాపారం ఆ ధైర్యం మీదే నడుస్తోంది.

ఫిర్యాదు చేసే మనిషి ఒక వాన రోజున స్కూటీ మీద వచ్చింది. పేరు శ్రీసత్య. ముందు ఒక గంప, మొహంలో మంట.

"గ్యారంటీ అంటే మీరేనా?"

"నానే. ఏటి కావాలి మేడమ్, పెట్టలా?"

"పెట్టలని చెప్పి ఆరింటిని అంటగట్టారు. పేర్లు కూడా పెట్టుకున్నాం. ఇదిగో, ఇది రాజేశ్వరి."

మూత తీసింది. రాజేశ్వరి ఎర్రటి జుట్టు విదిలించి, మెడ సాచి, పేటంతా అదిరేలా కూసింది.

దొరబాబు ఎగాదిగా చూశాడు. "గొంతు బాగుంది మేడమ్."

"తెల్లారకుండానే ఇది మొదలెడుతుంది, మిగతా ఐదుగురూ కోరస్. గాజువాకలో మా వీధి వీధంతా మమ్మల్ని తిడుతోంది."

"మరి కోసీసుకోవచ్చు గదా?"

"పేరున్నవాళ్ళని కోసుకు తింటారా మీరు?"

"మా బావకీ పేరుందండి. ఒకోసారి ఆలోసన వత్తాది."

ఆమెకి నవ్వొచ్చింది. రెయిన్‌కోటు కాలరు సర్దుకుంటున్నట్టు దాన్ని దాచేసింది. దొరబాబు చూడనే చూశాడు. ఎదుటివాళ్ళు నవ్వాపుకుంటున్నారంటే బేరం ఇంకా తెగలేదని లెక్క.

"ఈ ఆరూ వదిలీండి. పొదుగు పెట్టనీ, గుడ్లనీ మీ ఇంటికే తెత్తాను. మీ కళ్ళ ముందే ఏరి పెడతాను. ఒక్క పుంజు తేలితే నా పేరు మార్చీండి."

"మీ పేరు నాకెందుకు? ఒక్క పుంజు తేలినా మళ్ళీ మా గేటు దాటనివ్వను."

ఆ ఆదివారం దొరబాబు గాజువాక వెళ్ళాడు. గుండ్రటివి ఏరి కోడి కింద పెట్టాడు. మొనదేలినవి కూరకని ఇచ్చేశాడు. శ్రీసత్య కాఫీకని లోపలికెళ్ళగానే వాళ్ళ నాన్న వీర్రాజు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన మనిషి, సొంతూరు భీమవరం వైపు.

"ఏమయ్యా, ఆ ఆరింటినీ పట్టుకుపోయాక ఇల్లు బోసిపోయింది. ఇక్కడ మగ గొంతు నాదొక్కటే, దాన్నెవరూ వినరు. నాకొక్క పుంజు కావాలి. బజారుది కాదు, మనింట్లో పుట్టింది. లేదంటే మళ్ళీ నా గుమ్మం తొక్కకు."

"ఒకటేటి సార్, జాతి పుంజు తేలుద్ది. గ్యారంటీ!"

అలవాటు మీద నోరు జారింది. ఇంటికొచ్చి లెక్కేసుకున్నాడు. పుంజొస్తే కూతురు గేటు వేసేస్తుంది. రాకపోతే తండ్రి వేసేస్తాడు. ఎటు చూసినా నష్టమే. కానీ ఆడో మగో తేలడానికి గడువుంది. ఆ లోపల వ్యాపారి అన్నవాడు ఏదైనా అమ్మగలడు.

తొమ్మిది పిల్లలు లేచాయి. ప్రతి ఆదివారం దొరబాబు హాజరు. ఒక్కోదాన్నీ అరచేతిలో పెట్టుకుని నెత్తి చూసేవాడు. పుంజయితే అక్కడ జుట్టు ముందుగా ఎర్రబడాలి.

"జుట్టు ఇంకా తెలవట్లేదండి."

"కిందటి ఆదివారం కూడా అదే పాట."

"తొందరపడితే తప్పు సెప్తాను. మళ్ళీ వారం సూత్తాను."

"మళ్ళీ వారం వానంట."

"తడిసొత్తాను."

ఆమె కాఫీలో చక్కెర ఎక్కువేసేది. అతను అదేమీ అనకుండా తాగేవాడు. మీరు కాస్తా ఎప్పుడో నువ్వయింది. వంటింట్లోంచి తల్లి కామేశ్వరి మాత్రం ఉండబట్టలేక అడిగేసింది. "ఒసే, ఆ అబ్బాయి కోడి తల చూస్తున్నాడా, నీ తల చూస్తున్నాడా?"

రెండు నెలలు దాటేసరికి ఇక సాగదీయడానికి లేకపోయింది. తొమ్మిదింటిలో ఒక్కదాని జుట్టూ ఎర్రబడలేదు. అన్నీ పెట్టలే. దొరబాబు తనే నమ్మలేకపోయాడు.

"సూసావా! గుండ్రటి గుడ్డంటే..." అని ఛాతీ విరిచాడో లేదో, వీర్రాజు కుర్చీలోంచి లేచాడు.

"నా పుంజేదయ్యా?"

"ఏ పుంజు నాన్నా?" అంది శ్రీసత్య.

"ఒకటి గ్యారంటీ అన్నాడే!"

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. "నాకు అన్నీ పెట్టలు. ఆయనకి పుంజు. ఒకే గంపని ఇద్దరికి అమ్మావా?"

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దొరబాబు నోరు బేరం మానేసింది. నేల చూస్తూ అన్నాడు. "గుడ్డు సూసి ఎవడూ సెప్పలేడు సత్యా. మొత్తమ్మీద సగం సగం. ఒకోసారి ఇలాగ అన్నీ ఒకేపక్క వాలతాయి. ఇందులో నా గొప్ప ఏటీ లేదు. నిజం సెప్పీసుంటే ఆదివారాలు రావడానికి నాకు దారుండేది కాదు. అదీ సంగతి. ఎల్తన్నాను."

గేటు దాకా వెళ్ళాడు.

"ఆగు. నువ్వేరిన గుండ్రటి గుడ్లు ఏమయ్యాయో తెలుసా?"

"పిల్లలయ్యాయి గదా."

"ఆమ్లెట్లయ్యాయి. నువ్వు వీధి మలుపు తిరగ్గానే వాటిని తీసేసి, కూరకిచ్చిన మొనదేలినవి కోడి కింద పెట్టాను. మీ మామ్మ లెక్కన ఇవన్నీ పుంజులవ్వాలి."

"వారమంతా అవే తిన్నాం బాబూ," అంది కామేశ్వరి లోపల్నుంచి.

"అంటే మొదటిరోజే..."

"బైపీసీ చదివాను. ఆడో మగో గుడ్డు ఆకారం తేల్చదు. కోళ్ళల్లో అది పుంజు చేతిలో కూడా లేదు, తేల్చేది పెట్టే."

"మరి నా గ్యారంటీ ఉత్తిదని తెలిసీ ఇన్నాళ్ళు కాఫీ ఎందుకిచ్చావ్?"

"పెట్టలని తెలిసీ మూడు వారాల్నుంచి జుట్టు తెలవట్లేదని ఎందుకన్నావ్?"

దొరబాబు గేటు మీంచి చెయ్యి తీసేశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. చినుకులు మొదలైనా ఇద్దరిలో ఎవరూ చూరు కిందికి జరగలేదు.

"ఇంతకీ ఒక్క పుంజూ రాలేదుగా," అందామె నెమ్మదిగా. "నా వైపు గేటు తెరిచే ఉంది."

"మరి నా పుంజు?" అన్నాడు వీర్రాజు.

"మీ మాట వినేవాడు ఒకడొచ్చాడు కదండీ, ఇంకా పుంజెందుకు?" అంది కామేశ్వరి.

వీర్రాజు దొరబాబుని చాలాసేపు చూశాడు. "మీ పెద్దవాళ్ళని తీసుకురా. ఆ రోజు నువ్వు మాత్రం నోరు విప్పకు."

తిరుగు బస్సులో దొరబాబు లెక్క చూసుకున్నాడు. పోయింది మామ్మ సూత్రం, దాంతోపాటు ఆ ఇంట్లో తన తెలివితేటల మీద ఉన్న కాస్త గౌరవం. వచ్చింది ఒక మనిషి. సరుకులో లోపం మొదటిరోజే కనిపెట్టి కూడా, తిరిగివ్వకుండా, బేరమాడకుండా, కాఫీ పోసి మరీ ఉంచుకునే మనిషి. ఎన్ని విధాల కూడి చూసినా అది లాభమే.