తెల్లగా వదిలిన చోటు

దెయ్యాలు రాత్రిపూటే తిరగాలని ఎవరు నియమం పెట్టారో గానీ, ఈ కథ మాత్రం పట్టపగలు, మోచేతుల దాకా చేతులు కడుక్కున్న మనుషుల మధ్య జరిగింది.

ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్. లేత ఆకుపచ్చ గోడలు, స్పిరిట్ వాసన. నర్సు ఒక మూల కత్తెరలు సర్దుతూ, తమ ఇంట్లో నీళ్ల పంపు ఎలా పగిలిందో మత్తు డాక్టర్‌కి చెబుతూ ఉంటుంది. బల్లమీద రోగి. తల కదలకుండా ఇనుప చట్రంలో బిగించి ఉంటుంది. తలకు అవతల సర్జన్. ఇవతల, నీలం గుడ్డ తెర కింద, రోగి ముఖానికి దగ్గరగా చిన్న స్టూలు వేసుకుని ఆమె. ఆమె కత్తి పట్టదు, సూది గుచ్చదు. మెదడుకు మ్యాపు గీసే శాస్త్రవేత్త. నర్సులు పెట్టిన పేరు మ్యాపు మేడమ్.

ఈ ఆపరేషన్‌లో రోగి మెలకువగా ఉండాలి. తల చర్మానికి మత్తు ఇస్తారు, మెదడుకు అక్కర్లేదు. ఒళ్లంతటి నొప్పినీ పట్టించుకునే మెదడుకు తన నొప్పి మాత్రం తెలియదు. సర్జన్ సన్నటి కరెంటు పుల్లతో మెదడు మీద ఒక్కో చోట తాకుతాడు. అదే సమయంలో ఆమె రోగికి బొమ్మలు చూపిస్తుంది. అప్పటిదాకా కుర్చీ, గొడుగు, బాతు అని గడగడా చెప్పిన మనిషి తాళంచెవి బొమ్మ చూసి నోరు తెరుచుకుని ఉండిపోయాడంటే, పుల్ల తాకింది మాటల చోటన్నమాట. "ఉంది," అంటుంది ఆమె. సర్జన్ అక్కడ అంకె వేసిన చీటీ పెడతాడు. ఇక ఆ చోటు జోలికి పోరు. ఏమీ జరక్కపోతే "ఖాళీ" అంటుంది. ఖాళీ అన్న చోటు కోసెయ్యొచ్చు. ఆమె నోటి మాట మీదే కత్తి నడుస్తుంది.

ఇంకో నియమం కూడా ఉంది. ఒక్కసారి జరిగింది లెక్కలోకి రాదు. మళ్లీ తాకినా అదే జరిగితేనే మ్యాపులో గుర్తు పడుతుంది. మనిషన్నాక భయంలో ఏదో ఒకటి అంటాడు, అవన్నీ ఎక్కించుకుంటూ పోతే మ్యాపు కాదు, పుకార్ల పుట్ట అవుతుంది. ఈ నియమం పెట్టింది ఆమే.

ఈ పనిలోకి వస్తానన్నప్పుడు వాళ్లమ్మ నెత్తీ నోరూ బాదుకుంది. "లోకంలో జనం బంగారం తవ్వుకుంటారు, బొగ్గు తవ్వుకుంటారు. నువ్వు తలకాయలు తవ్వుతానంటావేంటే?" అయినా ఆమె వినలేదు. చచ్చిపోయినవాళ్ల మెదళ్లను ఉల్లిపొర కంటే పల్చగా కోసి, రంగు వేసి, అద్దాల కింద చూస్తూ యవ్వనమంతా గడిపింది. తర్వాత బతికున్న మెదడును చూసే స్కానింగ్ యంత్రం వచ్చింది. అందులో గంటల తరబడి కదలకుండా పడుకోవడానికి ఎవరూ దొరక్కపోతే తనే పడుకుంది. మొదటి మ్యాపు ఆమె తలకాయదే. తర్వాత వచ్చిన ప్రతి రోగి మెదడునూ కంప్యూటర్లో కాస్త సాగదీసి, కాస్త నొక్కి, ఆమె మెదడు ఆకారంలోకి సర్దేవారు. అలా సర్దితేనే ఒకరి మ్యాపు ఇంకొకరికి పనికొస్తుంది. ఇప్పుడు ఎక్కడెక్కడి ఆసుపత్రుల్లోనో వాడుతున్నది ఆ మ్యాపే.

ఆ యంత్రంలోంచి లేచొచ్చాకే అక్క అక్కలా లేదని తమ్ముడు అనేవాడు. చిన్నప్పుడు ఆమెకు ఏడుపుగొట్టుదని పేరు. పెన్సిలు ముల్లు విరిగినా ఏడ్చేది. అలాంటిది, అమ్మ పోయినప్పుడు కంట్లో చుక్క రాలేదు. రావాల్సినవాళ్లకు కబురు చేసింది, అన్నీ దగ్గరుండి జరిపించింది, ఇల్లు తాళం వేసి పనిలోకి వెళ్లిపోయింది. బాధను మింగేసిందని బంధువులు మెచ్చుకున్నారు. మింగడానికి లోపల ఏమీ లేదని ఆమెకు తెలుసు. తమ్ముడు మాత్రం ముక్కు తుడుచుకుంటూ, "నీ వాటా కూడా నేనే ఏడ్చేశాలే అక్కా, నువ్వెళ్లి పడుకో," అన్నాడు.

గది సంగతి మొదట చెప్పినవాడు ఒక లారీ డ్రైవరు. మెదడు కుడివైపు, చెవికి కాస్త పైన పుల్ల తాకగానే బొమ్మల మీంచి చూపు తప్పించి, "గది," అన్నాడు.

"ఏ గది?"

"తెలీదు మేడమ్. తడిసిన గోడ వాసన. ఎవరో ఆడమనిషి కుర్చీలో కూర్చుంది... వీపు ఇటు ఉంది."

సర్జన్ మళ్లీ తాకాడు. ఏమీ లేదు. మూడోసారీ లేదు. నియమం నియమమే కాబట్టి ఆమె "ఖాళీ" అంది. ఆ చోటు కోసేశారు. డ్రైవరు కోలుకుని నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

ఆ తర్వాత ఒక దర్జీ. అదే చోటు. తడిసిన గోడ, కుర్చీ, వీపు. కుర్చీలో మనిషి భుజాలు కదులుతున్నాయన్నాడు. తర్వాత ఒక సంగీతం టీచరు. "ఏడుస్తోందండీ, పాపం, గొంతు పోయేలా ఏడుస్తోంది," అని తనూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరూ రెండోసారి చెప్పలేదు. ఒకరినొకరు ఎరగని మనుషులు, ఒకటే గది. మ్యాపులో ఆ చోటు మాత్రం తెల్లగా ఉండిపోయింది. భయపడాలని ఆమెకు తెలుసు. భయం రాలేదు.

ఆపరేషనైన రోగుల్ని తర్వాత పిలిచి చూడటం మామూలే. అందరూ బాగున్నారు. మాట బాగుంది, నడక బాగుంది. "మా ఆయనకి కోపం కూడా పోయింది మేడమ్," అంది లారీ డ్రైవరు భార్య. వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది. "మొన్న మా అత్తగారు పోయారు. ఈయనేమో భోంచేసి లారీ ఎక్కి వెళ్లిపోయాడు. వాళ్లమ్మంటే ప్రాణం మేడమ్ ఆయనకి."

ఈ మాట సర్జన్‌కి చెబితే ఆయన నవ్వాడు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్? వాళ్లు హాయిగానే ఉన్నారుగా."

కొన్నాళ్లకు తమ్ముడి చెయ్యి వణకడం మొదలైంది.

తమ్ముడు ఎలక్ట్రీషియన్. చేతి వణుకు ఆ పనికి పనికిరాదు. స్కాన్ తీయిస్తే తలలో గడ్డ కనిపించింది. కుడివైపు, చెవికి కాస్త పైన. తెరమీద ఆ బొమ్మను ఆమె తన మ్యాపు పక్కన పెట్టి చూసింది. గడ్డ అంచు సరిగ్గా తెల్లచోటు మీదికి పాకింది.

"ఊరందరికీ వైరింగ్ చేశాను. ఇక నా వైరింగ్ నువ్వే చూడాలి అక్కా," అన్నాడు వాడు. పక్కన మరదలు పమిట నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. వాళ్ల చిన్నపాప తండ్రి ఒళ్లో ఎక్కి, ఆయన చొక్కా గుండీలు తీసి పెడుతోంది.

"ఇంకెవరినైనా కూర్చోబెడతాన్రా. సొంతవాళ్లకి చెయ్యకూడదు."

"అయితే నేనూ పడుకోను. మధ్యలో భయమేస్తే పక్కన నువ్వుండాలి." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఏది తీసేసినా తీసేయ్. ఏడుపు మాత్రం ఉంచు. మనింట్లో అది నా డిపార్టుమెంటు."

తను పోగొట్టుకున్నదేమిటో ఆమెకు తెలియదు. వాడి దగ్గర అది ఉందని మాత్రం తెలుసు. అది పోకూడదు, అంతే. గడ్డలో ఆ అంచు మిగిలితే మళ్లీ పెరగొచ్చు, మందులతో లాగొచ్చు. వాడు బతికినన్నాళ్లూ వాడిలా బతుకుతాడు. రోజుల తరబడి ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. ఆ చోటు దగ్గర వాడు ఏమన్నా, అనకపోయినా, "ఉంది" అనేస్తుంది. తన నియమం తనే తప్పుతుంది.

ఆ ఉదయం కూడా అన్నీ మామూలే. నర్సింటి పంపు బాగైంది. ఎముక కోసిన రంపం ఆగింది, కాలిన గోరులాంటి వాసన కాసేపు గాలిలో నిలిచింది. సర్జన్ మైక్రోస్కోప్ ముందుకు లాక్కుని, గదిలో దీపాలు ఆర్పించాడు. నీలం తెర కింద అక్కాతమ్ముళ్లిద్దరికీ మసక వెలుతురు. ఎక్కడో యంత్రం ఒకటి వాడి గుండె చప్పుడును టిక్కు టిక్కుమని వినిపిస్తోంది.

"కుర్చీ," అన్నాడు తమ్ముడు. "గొడుగు. బాతు... ఈ బాతు బొమ్మ గీసినవాడెవడో గానీ బాతును చూసినట్టు లేడక్కా."

తెర అవతల మత్తు డాక్టర్ నవ్వాడు. చీటీలు ఒక్కొక్కటే పడుతున్నాయి. సర్జన్ చెయ్యి చెవి పైకి జరిగింది.

"ఇక్కడ, మేడమ్."

తమ్ముడి కళ్లు ఆగిపోయాయి.

"అక్కా... గది."

ఆమె నోరు తెరిచింది. ఉంది అనాలి. ఒక్క మాట.

"గోడంతా తడిసిపోయింది," గుసగుసగా అన్నాడు వాడు. "అమ్మో, ఎంత ఏడుస్తోందక్కా... ఎవరూ ఓదార్చట్లేదు..."

పుల్ల మళ్లీ తాకింది. రెండోసారి ఎవరూ ఏమీ చెప్పలేదు ఇంతవరకు. వాడు చెప్పాడు.

"లేచింది."

టిక్కు... టిక్కు... టిక్కు...

"ఇటు తిరుగుతోంది. అక్కా... ఆ జడ... ఆ మెడ... నాకు తెలుసు." వాడి కంటి చివర నీళ్లు చేరాయి. "నువ్వే. మునుపటి నువ్వు. ఇన్నాళ్లూ ఇక్కడున్నావా? నన్ను చూసి నవ్వుతున్నావు... చెయ్యి చాపుతున్నావు..."

"పట్టుకోకు," అనబోయింది ఆమె. గొంతు దాటి రాలేదు. నాలుక ఎవరిదో అయినట్టుంది. ఉంది అను... ఉంది అను...

"ఖాళీ."

స్పష్టంగా, నిదానంగా, రోజూ వినిపించే గొంతుతోనే వినిపించింది.

తమ్ముడు ఆమె పెదాల వంకే చూస్తున్నాడు. వాడి గుసగుస తెర దాటలేదు.

"అక్కా... నువ్వు మాట్లాడలేదు. నీ నోరు కదల్లేదు..."

"మంచిది మేడమ్," అన్నాడు సర్జన్ తెర అవతలనుంచి.

ఆమె లేవబోయింది. కాళ్లు లేవలేదు. తెర చించేద్దామనుకుంది. చేతులు ఒడిలో పొందిగ్గా పడి ఉన్నాయి. కత్తి పని చాలా చిన్నది, చప్పుడు కూడా ఉండదు. తమ్ముడు ఆమెనే చూస్తూ ఉన్నాడు. చూస్తూ ఉండగానే వాడి కంట్లో నీళ్లు ఆగిపోయాయి. నుదుటి మీద ముడత విడిపోయింది. రెప్ప వేసి తెరిచాడు.

"తర్వాత బొమ్మ ఏంటి?" అని అడిగాడు.

తమ్ముడు త్వరగా కోలుకున్నాడు. చెయ్యి వణుకు పోయింది. ఫ్యాన్లు బిగిస్తున్నాడు, మీటర్లు మారుస్తున్నాడు, వేళకు ఇంటికొస్తున్నాడు. ఆమె చూడటానికి వెళితే కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెచ్చిచ్చాడు, వాతావరణం గురించి మాట్లాడాడు. ఇంతలో పాప మెట్ల మీంచి దొర్లిపడి మోకాలు చీరుకుని గుక్కపట్టింది. వాడు దారికి అడ్డంగా ఉన్న పిల్లను మెల్లగా పక్కకు జరిపి, టూల్ పెట్టె తీసుకుని పనికి వెళ్లిపోయాడు.

పాపను ఎత్తుకుని మరదలు గుమ్మంలో నిలబడింది. "మీ తమ్ముడు బంగారంలా ఉన్నారు వదినా. పల్లెత్తు మాట అనరు. కానీ ఇంట్లో ఎవరో అద్దెకున్నట్టుంది." పాపను ఇంకో భుజానికి మార్చుకుని, "ఈయన్ని ఇచ్చేసి, మా ఆయన్ని తెచ్చిపెట్టండి వదినా," అంది.

ఆమెకు ఏడుపు రావాల్సిన చోట ఆవులింత వచ్చింది. సిగ్గుపడాలనుకుంది, అదీ రాలేదు. ఒక్కటి మాత్రం అనుకుంది. ఇంకెవరి తలలోనూ ఆ చోటు కోయనివ్వకూడదు.

మ్యాపు దిద్దమని సర్జన్‌ను అడిగింది. ఆయన అయోమయంగా చూశాడు. "తమ్ముడికి మీరే ఖాళీ అన్నారుగా మేడమ్? నేను నా చెవులతో విన్నాను." ఆధారం ఏదని అడిగితే ఏం చూపిస్తుంది? అందుకే తర్వాతి ఆపరేషన్‌కి ముందుగానే వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఈసారి పుల్ల అక్కడికి రాకముందే, సర్జన్ చెయ్యి పట్టుకునైనా ఆపాలి.

బల్లమీద పూలు అమ్ముకునే ముసలావిడ. దీపాలు ఆర్పారు. నీలం తెర కింద మసక వెలుతురు. కరెంటు పుల్ల ఇంకా పళ్లెంలోనే ఉందని తెర సందులోంచి ఆమెకు కనిపిస్తూనే ఉంది. బొమ్మలు చూపించడం కూడా ఇంకా మొదలుపెట్టలేదు.

"ఎవరిదమ్మా ఈ గది?" అంది ముసలావిడ.

ఆమె చేతిలో బొమ్మలు ఆగాయి.

"ఇద్దరున్నారు. ఆడపిల్ల తల ఒళ్లో పెట్టుకుని ఒక అబ్బాయి కూర్చున్నాడు. జో కొడుతున్నాడు." ముసలావిడ గొంతు ఇంకా తగ్గింది. "నన్ను చూశాడు... పెదాల మీద వేలు పెట్టుకుంటున్నాడు. 'మెల్లగా మామ్మా, మా అక్క ఏడ్చి ఏడ్చి ఇప్పుడే నిద్రపోయింది' అంటున్నాడు."

ఇప్పుడు. ఇప్పుడే అనాలి. ఆపండి... ఉంది... ఇక్కడ మనుషులున్నారు...

"ఖాళీ," అని ఆమె గొంతే వినిపించింది.

"సరే మేడమ్," అన్నాడు సర్జన్ తెర అవతలనుంచి, పళ్లెంలోంచి కత్తి అందుకుంటూ. "ఖాళీయే అయితే ఇక పుల్లతో పనేముంది. తీసేస్తున్నాను."

ముసలావిడ ఆమె మూసిన పెదాల వంక చూసింది. తర్వాత లోపల ఎక్కడో చూసింది. మళ్లీ ఆమె వంక చూసింది.

"ఆ పిల్ల నిద్రపోతోంది కదమ్మా... నువ్వూ మాట్లాడలేదు... మరి ఇప్పుడు నీ గొంతుతో పలికింది ఎవరు?"