కందకంలోకి దించిన బుట్ట

మాది రువాన్ పట్టణం, నేతగాళ్ల వీధి. మగ్గం మీద ఉన్ని నేసుకుని ఒంటరిగా బతికేదాన్ని. ఫ్రాన్సు సింహాసనం తనదేనంటూ ఇంగ్లండు రాజు దండెత్తి వచ్చిన ఆ వేసవిలో, తమ పల్లె తగలబడిపోయిందని చెల్లెలు పెరొనెల్ కడుపుతో నా గుమ్మంలోకి వచ్చింది. మొగుడు యుద్ధంలో పోయాడు.

"మీ ఊరికి ఇంతింత కోటగోడలున్నాయిగా అక్కా, ఇంక భయమేముంది?" అని నవ్వింది.

గోడల బయట ఇంగ్లీషు సైన్యం చుట్టూ దిగిపోయింది. గింజ లోపలికి రాలేదు. చలికాలానికల్లా గుర్రాలు, కుక్కలు, ఎలుకలు కూడా తినేశాం. అప్పుడు పట్టణ పెద్దలు ముసలివాళ్లనీ, పల్లెల నుంచి వచ్చినవాళ్లనీ బయటికి పంపేయమన్నారు.

బంట్లు తలుపు కొట్టారు. "ఈవిడ మీ ఇంటి మనిషేనా?"

ఇంట్లో మిగిలింది ఒక్క రొట్టె.

"పల్లె నుంచి వచ్చింది," అన్నాను.

పెరొనెల్ నావైపు చూసింది. శాలువా కప్పుకుని వాళ్ల వెంట వెళ్లిపోయింది.

అలా వెళ్లగొట్టినవాళ్లను ఇంగ్లీషువాళ్లు దాటనివ్వలేదు. మావాళ్లు మళ్లీ కోట తలుపు తియ్యలేదు. వేలమంది గోడ కింది కందకంలో వానకు తడుస్తూ గడ్డి పీక్కుతిన్నారు. అక్కడే చెల్లెలు మగబిడ్డను కంది. జ్ఞానస్నానం లేకుండా పసివాళ్లు పోకూడదని, కోట కాపలా ముసలాయన అన్సెల్ నన్ను గోడ మీదికి పిలిచి, తాడుతో బుట్ట దించి బిడ్డను పైకి లాగాడు. పాదిరి నీళ్లు చల్లాడు. నేను మా నాన్న పేరే పెట్టాను. రౌలే.

"ఇంక దించేద్దాం తల్లీ," అన్నాడు అన్సెల్.

"నా దగ్గరే ఉంచుకుంటా మావా. నీ కాళ్లు పట్టుకుంటా."

"ఉంచితే నన్ను ఉరి తీస్తారే!"

దించేశాం. తాడు వదులయ్యేదాకా కిందికి చూస్తూనే ఉన్నాను.

జనవరిలో పట్టణం లొంగిపోయింది. కోట తలుపులు తెరిచారు, గింజ లోపలికి వచ్చింది. మర్నాడు పొద్దున్నే వేడి రొట్టె పైబట్టలో దాచుకుని కందకంలోకి దిగాను. దట్టమైన మంచు. తడి మట్టి వాసన, దాని కింద ఇంకేదో తియ్యటి కుళ్లు వాసన. నా అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు.

తర్వాత... జోలపాట.

పెరొనెల్ గోడకానుకుని కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డల మూట.

"వచ్చావా అక్కా?" గుసగుసగా అంది.

"నన్ను క్షమించవే. ఇదిగో, రొట్టె. తిను."

రొట్టెవైపు చూడలేదు. "నాకొద్దు. వీడికే ఆకలి. పట్టుకో."

మూట చేతికిచ్చింది. ఎడమ రొమ్ముకు హత్తుకున్నాను, వెచ్చగా ఉంది. లోపల చిన్నగా కదిలింది.

"నువ్వూ రావే."

"నువ్వు పద. నేను వెనకే వస్తా."

నడిచాను. వెనక అడుగులు వినిపించాయి... కొంత దూరం. తర్వాత వినిపించలేదు. తిరిగి చూశాను. మంచు... మంచే.

ద్వారం దగ్గర అన్సెల్ నా ముఖం చూసి లేచాడు.

"పెరొనెల్ బిడ్డను ఇచ్చింది మావా. తను వెనక వస్తోంది."

ఆయన నా భుజం పట్టుకున్నాడు.

"బుట్ట దించిన మూడోనాడే పోయారు తల్లీ. ఇద్దరూ. గోడ మీంచి నేనే చూశా. నీకు చెప్పడానికి నోరు రాలేదు."

గుడ్డలు విప్పాను. తడి గుడ్డలు. లోపల ఏమీ లేదు. అక్కడే కూలబడి ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఆయనా ఏడ్చాడు.

ఆ సాయంత్రం నా పైబట్ట ముందువైపు తడిసింది. వేలితో ముట్టుకున్నాను. పాలు.

నేనెన్నడూ బిడ్డను కనలేదు.

ఏడేళ్లయింది. పాలు ఆగలేదు. రోజూ పడుకునేటప్పుడు రెండు రొమ్ములూ నిండి సలుపుతాయి. తెల్లారి లేచేసరికి, ఎడమది ఖాళీగా ఉంటుంది.