ఎవరూ తీసుకోని కార్డు

ఉదయం పది ఇరవైకి చీఫ్ చావు కబురు చల్లగా చెప్పాడు.

"మాస్టారు పోయారు. లిఫ్ట్‌లో. మెడ మీద సూది గుర్తు."

ఏజెంట్ కందిరీగ కూర్చోబోయినవాడల్లా నిలబడిపోయాడు. మాస్టారంటే డిపార్ట్‌మెంట్‌లో వాదనల పటం గీసే పెద్దమనిషి. అత్యవసర బోర్డు కూర్చుందంటే, అక్కడ ఎవరు ఏ మాట అన్నా ఆయన దాన్ని జిగురు కార్డు మీద రాసి, నంబరు వేసి గోడకి అంటించేవాడు. పసుపు కార్డు ప్రశ్న, ఆకుపచ్చ సమర్థన, ఎరుపు అభ్యంతరం. ఏ మాట దేన్ని నిలబెడుతోందో, ఏది దేన్ని పడగొడుతోందో బాణాలు గీసేవాడు. అరుపులుండవు, చెప్పిందే చెప్పడాలుండవు. చివర్లో ఐదుగురు సభ్యులూ ఆ గోడను చూసే ఓటేస్తారు.

"పోయేముందు నాకో మెసేజ్ పెట్టారు," అన్నాడు చీఫ్. "'మన గోడకి ఆరో నోరుంది' అని. నాకు అర్థం కాలేదు. నీకేమైనా?"

కందిరీగకూ కాలేదు.

"ఇవాళ ఆ గోడ మీదికెక్కేది మిణుగురు కేసు."

మిణుగురు కందిరీగ సొంత చెల్లెలు. ఏడాదిపాటు శత్రు ముఠాలో కలిసిపోయి, మన ఊళ్ళలో పనిచేస్తున్న వాళ్ళ నలభైమంది మనుషుల జాబితాతో పారిపోయింది. సముద్రపు పాయకు అవతలి ఒడ్డున, మూతపడిన ఐస్ ఫ్యాక్టరీలో దాక్కుంది. తొడలో బులెట్ దిగింది. ముఠా మనుషులు ఒక్కో గోడౌనూ వెతుక్కుంటూ వస్తున్నారు. పన్నెండింటికల్లా జెట్టీకి లాంచీ రాకపోతే ఆమె కాలర్‌లో కుట్టిన విషం మాత్ర కొరికేస్తుంది. లాంచీ పదకొండు నలభైకి కదలాలి. కదలాలో వద్దో పదకొండున్నరకు బోర్డు తేలుస్తుంది.

తల మీద తుపాకీ పెట్టి అయినా ఒప్పిస్తానన్నాడు కందిరీగ. చీఫ్ తల అడ్డంగా ఊపాడు.

"ద్రోహి ఆ గదిలోనే ఉన్నాడు. పట్టుకో. రుజువు లేకుండా నోరు విప్పావో, చెల్లెలి కోసం అన్న ఏడుస్తున్నాడంటారు. ఫైలు మూసేస్తారు. తర్వాత నేను కూడా ఏం చెయ్యలేను."

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు అతనికి మాసిన యూనిఫాం తొడిగి, మీసం అంటించి, రికార్డర్ దాచిన స్క్రూడ్రైవర్ చేతికిచ్చి, ఏసీ రిపేరు మీద పది నిమిషాల ట్రైనింగ్ ఇచ్చారు. పది నిమిషాల్లో ఏం వస్తుంది? నా తలకాయ! ఒక నాబ్ తిప్పడం వచ్చింది.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా కందిరీగ బోర్డు రూమ్‌లో నిచ్చెనెక్కాడు. ఎక్కీ ఎక్కగానే స్క్రూడ్రైవర్ పిడిలో వెలగాల్సిన చుక్క ఆరిపోయింది. గదిలో రికార్డర్ల నోరు నొక్కే జామర్ ఉంది. ఇక చెవులే దిక్కు.

కింద బల్ల చుట్టూ ఐదుగురు. చైర్మన్, కల్నల్, డాక్టరు, లా ఆఫీసరు, రేవు అధికారి. గోడ దగ్గర మాస్టారి స్థానంలో ఆయన అసిస్టెంటు. స్టాఫంతా ఆమెను సెంటు మేడం అంటారు. ఆమె వెళ్ళిన పది నిమిషాల దాకా కారిడార్ ఘుమఘుమలాడుతుంది మరి. నల్ల కోటు, వేలికి నీలం రాయి, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. రెండేళ్ళ కిందట శత్రువుల కొలువు వదిలి మనవైపు వచ్చింది.

"లాంచీ పంపాలా?" అని చైర్మన్ అడగ్గానే నడిగోడ మీద పసుపు కార్డు వెలిసింది. డాక్టరు మిణుగురు ఎనిమిదేళ్ళ సర్వీసు గుర్తుచేశాడు, ఆకుపచ్చ. లాంచీలో పన్నెండుమంది ప్రాణాలున్నాయన్నాడు రేవు అధికారి, ఎరుపు. జాబితా దొరికితే ముఠా తుడిచిపెట్టుకుపోతుందన్నాడు కల్నల్, ఆకుపచ్చ. మేడం చేతులు చకచకా ఆడుతున్నాయి. ఆకుపచ్చ పెరుగుతోంది. కందిరీగ ఊపిరి పీల్చుకున్నాడు.

పదకొండు ఇరవైకి గోడ చూస్తే పద్నాలుగో నంబరు ఎర్ర కార్డు కనిపించింది. "మిణుగురు శత్రువుకు లొంగిపోయింది."

అప్పటిదాకా నిలబడ్డ ఆకుపచ్చ కార్డులన్నిటి మీదికీ ఆ కార్డు నుంచి బాణాలు. జాబితా నకిలీ కావచ్చు, లాంచీ ఎర కావచ్చు అంటూ సభ్యులు దాని మీదే మాట్లాడసాగారు. కల్నల్ సైతం తన ఆకుపచ్చ కార్డు వైపు చూడ్డం మానేశాడు.

ఎవరన్నారు ఆ మాట? స్క్రూ కోసం వంగినప్పుడు తను వినలేదా? నిజంగానే చెల్లి లొంగిపోయిందా? అర నిమిషం పాటు, సిగ్గు లేకుండా, అతనూ నమ్మాడు. చిన్నప్పుడు తన వేలు పట్టుకుని రోడ్డు దాటిన పిల్లని! తిరిగి మొదటినుంచీ ఒక్కొక్క మాటే గుర్తుచేసుకున్నాడు. డాక్టరు, రేవు, కల్నల్, లా, చైర్మన్. పదమూడు మాటలకీ గొంతు ఉంది. పద్నాలుగోదానికి లేదు.

ఆరో నోరు!

ఎవరూ అనలేదు. గోడ మీదుంది కాబట్టి పక్కవాడు అనే ఉంటాడని ఎవరికివారే అనుకున్నారు. ముందే రాసి తెచ్చిన కార్డును మేడం చల్లగా అంటించేసింది. కానీ ఏసీ మెకానిక్ మాట వినేదెవరు? అన్న అని తెలిస్తే అసలే వినరు. గడియారం పదకొండు ఇరవై తొమ్మిది చూపిస్తోంది.

"ఓటింగ్‌కి వెళ్దాం," అన్నాడు చైర్మన్.

దేవుడా అనుకుంటూ కందిరీగ ఏసీ గాలి వచ్చే డక్ట్ మూత ఊడబెరికి, తనకొచ్చిన ఒక్క నాబ్‌నీ ఆఖరిదాకా తిప్పేశాడు.

హోరుమని గాలి గోడ మీద పడింది. జిగురు కార్డులు పొలోమని లేచి గదంతా చెల్లాచెదురయ్యాయి. చైర్మన్ మెకానిక్‌ని నానా తిట్లూ తిట్టాడు. కందిరీగ మూత అడ్డం పెట్టి, బుద్ధి తక్కువైందని దణ్ణాలు పెట్టి, మెల్లిగా ఒక మాట జారవిడిచాడు.

"టైం లేదు కదండీ. ఎవరి కార్డు వాళ్ళు తీసి అంటిస్తే అయిపోతుంది."

అదీ నిజమేననుకున్నాడు చైర్మన్. ఐదుగురూ వంగారు. ఎవరి మాట వాళ్ళు ఏరుకున్నారు. నిమిషంన్నరలో గోడ నిండింది.

నేల మీద ఒక్క ఎర్ర కార్డు మిగిలిపోయింది.

మేడం వంగబోయింది. కల్నల్ బూటు ముందే దాని మీద పడింది.

"ఇది ఎవరిది?"

"మీది కాదూ?" అన్నాడు డాక్టరు.

"మీదనుకున్నాను నేను."

లా ఆఫీసరు చైర్మన్ వైపు చూశాడు. చైర్మన్ రేవు అధికారి వైపు చూశాడు. తర్వాత ఐదుగురూ కలిసి ఒకే వైపు చూశారు.

మేడం నవ్వుతూనే మార్కర్ మూత తీసింది. లోపల సిరా లేదు, సూది ఉంది. అది చైర్మన్ మెడకు జానెడు దూరంలో ఉండగా కందిరీగ నిచ్చెనతో సహా ఆమె మీద పడ్డాడు. మీసం ఊడి బల్ల మీద పడింది. కల్నల్ ఆమె మణికట్టు విరిచి పట్టుకున్నాడు.

పద్నాలుగో కార్డు మళ్ళీ గోడెక్కలేదు, దాని మీద నిలబడ్డ మాటలన్నీ గోడ దిగాయి. పదకొండు ముప్పై తొమ్మిదికి ఐదు చేతులు లేచాయి. రేవు అధికారి ఫోన్ కోసం పరుగెత్తాడు.

తర్వాతి పాతిక నిమిషాలూ కందిరీగకు నరకమే. గాలికి మూత ఎగిరిపోతుంటే మళ్ళీ నిచ్చెనెక్కి రెండు చేతులా అదిమిపట్టి, కళ్ళు గడియారానికి అప్పగించాడు. పన్నెండు దాటింది. ఒకటి. రెండు. మాత్ర కొరికేసి ఉంటుంది. మూడు.

జామర్ ఆపించి తెచ్చిపెట్టిన వైర్‌లెస్ గరగరలాడింది. నీరసంగా ఒక ఆడగొంతు కోడ్ మాట చెప్పింది.

"వాన వెలిసింది. మా అన్నయ్య ఏం చేస్తున్నాడు?"

కందిరీగ నిచ్చెన మీదే వెక్కివెక్కి ఏడ్చాడు. కోటు చెవుల దాకా లాక్కుని, పళ్ళు టకటకలాడిస్తూ చైర్మనే మైకు అందుకున్నాడు.

"ఏడుస్తున్నాడమ్మా." తలెత్తి చూశాడు. "బాబూ, నీకు దణ్ణం పెడతాను. అంతా అయిపోయింది కదా, ఇక ఆ ఏసీ తగ్గించు."

కందిరీగ ముక్కు తుడుచుకున్నాడు.

"పెంచడం వరకే నేర్పారండీ."