సొరచేప 91

తెప్ప దొరికింది. మనిషి దొరకలేదు.

2019 ఫిబ్రవరి 4, సోమవారం. ఉదయం ఆరు ఇరవై. ఇసకలపాలెం రేవుకు మైలు దూరంలో చిన్న తెప్ప ఒకటి ఖాళీగా ఊగుతూ వేటకెళ్లిన వాళ్ల కంటబడింది. లోపల తడిసిన తువ్వాలు. సగం తిన్న చద్దన్నం క్యారేజీ. మడత విప్పని వల.

తెప్ప నాగబాబుది. వయసు ఇరవై ఏడు. పెళ్లయి ఐదేళ్లు, పిల్లల్లేరు. నాలుగున్నరకు ఒక్కడే వెళ్లాడని భార్య తులసి చెప్పింది.

మూడు రోజులు పడవలు గాలించాయి. శవం ఒడ్డుకు రాలేదు.

నాలుగో రోజు, గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఎస్సై అనూరాధ ఆ ఇంటికి వచ్చింది. వెంట హెడ్ కానిస్టేబుల్ గంగులు. ఇద్దరికీ సముద్రం కొత్త. ఆమెది విజయనగరంలో కిరాణా కొట్టు కుటుంబం. ఆయనది పాతపట్నం. చేపను కంచంలో తప్ప చూసి ఎరగరు.

నాగబాబు తల్లి లక్ష్మణమ్మ గోడకు చేరగిలబడి ఉంది.

"మీ వాడికి ఎవరితోనైనా గొడవలున్నాయా?"

"నేవమ్మా."

"తాగుడు?"

"పండక్కో పబ్బానికో."

"ఈత వచ్చా?"

"సేపపిల్లకి ఈత నేర్పాలేటి?"

"మరి ఎలా మునిగాడు?"

లక్ష్మణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గంగమ్మ తల్లి పిలిసింది, ఎల్లిపోనాడు. పదకొండో రోజు కార్యం సేసేత్తాం. నా సేతుల్తో పెంచిన గుంటకి నా సేతుల్తోనే గాజులు తియ్యాల. నా రాత అది."

మూలన కూర్చున్న తులసి తలెత్తింది. "బావ బతికున్నాడత్తా. శవం కనపడే దాకా గాజులు తియ్యను."

తులసి ఆ ఇంటికి ఉత్త కోడలు కాదు. లక్ష్మణమ్మ సొంత అన్న పోతురాజు కూతురు. నాలుగేళ్లప్పుడు తల్లి పోతే మేనత్తే తెచ్చి పెంచుకుంది. పెద్దయ్యాక కొడుక్కిచ్చి కట్టుకుంది. ఊళ్లో అత్తాకోడళ్లు పోట్లాడుకుంటే ఈ ఇద్దరినీ చూపించి బుద్ధి చెప్పేవారు.

"ఏలయినాది, రెండు మెతుకులు తినండమ్మా" అంటూ లక్ష్మణమ్మ కంచాలు వేసింది. వేడి అన్నం, కోనాం చేపల పులుసు. ఏడుపింట్లో తినడానికి అనూరాధకు మొహమాటం వేసింది. గంగులుకు అలాంటి జబ్బులేవీ లేవు.

"నువ్వు తినకపోతే మాకు దిగదు, తల్లీ" అన్నాడాయన.

లక్ష్మణమ్మ కళ్లొత్తుకుంటూ తనూ నాలుగు ముద్దలు తింది. తులసి కంచం జరిపేసింది. మొగుడి బెంగ, పాపం, అనుకున్నారు పోలీసులిద్దరూ.

తిరుగుదారిలో గంగులు బ్రేవుమని త్రేన్చాడు. "మునిగిపోనాడమ్మా. ఫైలు మూసేద్దాం."

"వల మడత విప్పలేదు గంగులుగారూ."

"అయితే?"

"వల వెయ్యనివాడు వేటకెందుకు వెళ్లినట్టు?"



నాగబాబు ఫోన్ స్విచాఫ్. చివరి సిగ్నల్ రేవు దగ్గరే. తులసి తన ఫోన్‌లో అతని ఫేస్‌బుక్ చూపించింది. చివరి పోస్టు ఫిబ్రవరి 3, సాయంత్రం ఏడు పది. గంగమ్మ పటం, దండం బొమ్మ. అంతే. చచ్చేవాడు పెట్టే పోస్టులానే ఉంది. కాస్త ఎక్కువగానే ఉంది.

శనివారం ఉదయం పది గంటలకు అనూరాధ స్టేషన్‌లో ఫోన్ పట్టుకుని కూర్చుంది.

"పోయినోడి ఫేస్‌బుక్‌లో ఏటుంటాదమ్మా?" అన్నాడు గంగులు.

"యూజర్‌నేమ్ ఉంటుంది. మనుషులు పేరు మారుస్తారు, ఫొటో మారుస్తారు. యూజర్‌నేమ్ మాత్రం ఒక్కటే పెట్టుకుంటారు. రెండోది గుర్తుపెట్టుకోవడానికి బద్ధకం."

ఫేస్‌బుక్ లింకు చివర ఇంగ్లిషు అక్షరాల్లో సొరచేప, పక్కన 91. పుట్టిన సంవత్సరం. అదే పేరు ట్విట్టర్‌లో కొట్టింది. లేదు. షేర్‌చాట్‌లో లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో కొట్టింది.

ఉంది.

2017లో పెట్టిన మూడు ఫొటోలు. ఆ తర్వాత ఖాతా పాడుబడ్డ ఇల్లే. కానీ రెండో ఫొటోలో ఎవరినో ట్యాగ్ చేశాడు. ‘సింధూరి టైలర్స్’. నొక్కి చూస్తే ఆ ఖాతాకు తాళం. పైన ప్రొఫైల్ ఫొటో మాత్రం కనిపిస్తోంది. ఎర్ర రంగు కుట్టుమిషను, దాని మీద ఆకుపచ్చ చిలక బొమ్మ.

ఒక చోట తలుపేసుకున్నవాళ్లు ఇంకో చోట కిటికీ తెరిచే ఉంచుతారు. టిక్‌టాక్‌లో సింధూరిలు కుప్పలుగా ఉన్నారు. అనూరాధ ఒక్కొక్కరి ఫొటో చూస్తూ పోయింది. శనివారం దొరకలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు ‘మిషన్ పిల్ల’ అనే పేరు పక్కన ఎర్ర మిషను, ఆకుపచ్చ చిలక కనిపించాయి.

తాజా వీడియో ఫిబ్రవరి 9న పెట్టినది. అంటే నిన్నటిది. పదిహేను సెకన్లు. లారీ మీద టార్పాలిన్ తాడు బిగిస్తున్న రెండు చేతులు. ముఖం లేదు. వెనక షెడ్డు బోర్డు మీద ‘సాలూరు’ అన్న అక్షరాలు చక్కగా పడ్డాయి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ లోకం చూడట్లేదనుకుంటుందంటే ఇదే.

గంగులు పెదవి విరిచాడు. "సేతులకి ఆధార్ కార్డు ఉంటాదేటమ్మా?"

"పెళ్లాం ఉంటుంది" అంది అనూరాధ.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. రేవులో చేపల వేలం ముగిసింది. తట్ట నింపుకుంటున్న ఓ ఆడమనిషి దగ్గర గంగులు ఆగాడు. ఆమె కూర్మమ్మ, తులసి పక్కింటి మనిషి.

"వీటిలో నువ్వేది వండుకుంటావే?"

"నాను తినను బాబూ. అమ్ముకుంటాను, అంతే. మా ఆయన్ని సముద్రం తీసుకుని ఏడు నెల్లయినాది. శవం రానేదు. మనిసిని తిన్న నీటిలో సేపని ఆ ఇంటోళ్లు ఏడాది దాకా ముట్టరు. మా ఊరి రివాజు."

గంగులు నోరు మూసుకున్నాడు. అనూరాధ రెండడుగులు వేసి ఆగింది. ఆమెకు ఏదో గుర్తొచ్చింది. కానీ అంతలో తులసి ఎదురుగా వస్తోంది.

అనూరాధ ఆమెను ఒడ్డున కూర్చోబెట్టి, సౌండ్ తీసేసి వీడియో పెట్టింది. ఇది ఎవరని చెప్పలేదు.

తులసి కళ్లు చిట్లించింది. "ఇది లంగరు ముడి కదమ్మా. లారీలోళ్లకి ఎలా వచ్చినాది?"

"బాగా చూడు."

"ఎడంసేత్తో కడతన్నాడు... ఆ బొటనేలు మీద గాటు..." ఆ పిల్ల ఫోన్ మీదికి వంగింది. "బావ! అమ్మా, మా బావ! బతికున్నాడు! సెప్పనేదేటి నాను, బతికున్నాడని!"

లేచి ఇంటివైపు పరిగెత్తబోయింది. అనూరాధ చెయ్యి పట్టుకుని ఆపింది. ఉద్యోగంలో చేరి ఆరేళ్లు. శవాలు చూపించింది, రక్తం మరకల బట్టలు చూపించింది. ఇంత పాపిష్టి పని ఎప్పుడూ చెయ్యలేదనిపించింది. సౌండ్ పెట్టింది.

వీడియోలో ఆడగొంతు. "మావా, ఇటు సూడు." తర్వాత నవ్వు. దాంతో కలిసి మగవాడి నవ్వు.

"మళ్లీ పెట్టమ్మా" అంది తులసి.

పెట్టింది. మూడుసార్లు పెట్టించుకుని విని, తులసి ఇసుకలో చతికిలబడింది.

"నవ్వుతన్నాడు" అంది. అనూరాధ చెయ్యి పట్టుకుంది. "అత్తకి సెప్పకండమ్మా. ఆవిడ గుండె పగిలి సచ్చిపోతాది."

మంగళవారం పదకొండు నలభైకి జీపు సాలూరులో లారీ షెడ్డు ముందు ఆగింది. ఓ లారీ మీద గళ్ల లుంగీ మనిషి తాడు బిగిస్తున్నాడు.

"సొరచేప తొంభైయొకటీ!" కింద నుంచి అరిచింది అనూరాధ.

అతను చటుక్కున తిరిగాడు. తిరిగాక తప్పు తెలిసింది.

"పేరు?"

"రాజు."

"ఊరు?"

"ఇదే."

"లంగరు ముడి ఏ సముద్రంలో నేర్చుకున్నావు రాజూ?"

అతను తాడు వదిలేసి కిందికి దిగాడు.

"ఇంట్లో పెళ్లాన్ని, నీళ్లలో తెప్పను వదిలి ఎంత దూరం ఈదావు?"

"మైలు పైనే."

"ఒడ్డున ఎవరున్నారు?"

"సింధూరి. బండి తెచ్చినాది."

షెడ్డు పక్క కుట్టుమిషను కొట్టు గుమ్మంలో మెడలో టేపుతో ఓ అమ్మాయి నిలబడిపోయింది. "పెళ్లాం పోనాదని, అప్పులోళ్లకి దొరక్కుండా పారిపోతన్నానని సెప్పినావు కదరా" అంది. నాగబాబు అటు చూడలేదు. ఎదురుచూసే వాళ్లిద్దరికీ ఒక్కో చావు పంచిపెట్టాడు మహానుభావుడు.

"తులసి ఏం తప్పు చేసింది?"

"ఏటీ సెయ్యనేదమ్మా. ఒక కంచంలో తిని పెరిగినాం. నాకు వొద్దన్నాను, అమ్మ ఇననేదు."

"నువ్వు బతికున్నట్టు ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు. మా అమ్మకి అస్సలు తెలీదు!"

అమ్మ మాట అనూరాధ ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడు.

బుధవారం, పదో రోజు. ఉదయం పదిన్నర. మర్నాటి కార్యానికి లక్ష్మణమ్మ ఇంటి ముందు పందిరి వేస్తున్నారు. పోతురాజు వచ్చాడు, కులపెద్దలు వచ్చారు, కూర్మమ్మ వచ్చింది. తులసి గుమ్మంలో కూర్చుని ఉంది. అత్త గుండె పగులుతుందని వీడియో సంగతి రెండు రోజులుగా ఎవరికీ చెప్పలేదు.

జీపు దిగిన నాగబాబును చూసి పందిరి కర్ర పట్టుకున్నవాడు కర్ర వదిలేశాడు.

లక్ష్మణమ్మ కేక పెట్టి కొడుకును వాటేసుకుంది. "నా కొడకా! గంగమ్మ నిన్ను తిరిగిచ్చినాదిరా!" చూసినవాళ్లందరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. అనూరాధ ఆమెను తనివితీరా ఏడవనిచ్చింది. తర్వాత అడిగింది.

"లక్ష్మణమ్మా, పోయిన గురువారం మాకేం పెట్టావు?"

"ఏటి తల్లీ?"

"అన్నంలోకి."

"గుర్తు నేదమ్మా."

"నాకుంది. కోనాం పులుసు. నువ్వూ మాతో తిన్నావు."

కూర్మమ్మ చెయ్యి నోటికి పోయింది. ముందుగా అర్థమైంది ఆమెకే. మెల్లగా మిగతా ఆడవాళ్లకూ ఎక్కింది. 

"మనిషిని తిన్న నీటిలో చేపను ఆ ఇంటివాళ్లు ముట్టరట" అంది అనూరాధ. "మాకు తెలియదు. మేము పరాయి ఊరివాళ్లం. నీకు తెలుసు. కొడుకు మునిగిపోయాడని గుండెలు బాదుకున్న తల్లివి నువ్వు, చేప తిన్నావు. బతికున్నాడని మొండికేసిన తులసి ముట్టలేదు. కన్నకొడుకును తిన్న నీటి చేప ఏ తల్లి గొంతూ దిగదు. నీకెలా దిగింది? వాడు ఆ నీటిలో లేడని నీకు ముందే తెలుసు. రివాజు దాకా నీ బుర్ర పోలేదు. ఆ రోజు నీ గుండెలో దుఃఖం లేదు కాబట్టి."

"అబద్ధం!" అన్నాడు నాగబాబు.

"నువ్వూరుకోరా" అంది లక్ష్మణమ్మ. కూలబడింది. ఆమె మాట్లాడింది అన్నతో. "ఆడు ఆ పిల్లని ఒగ్గనన్నాడు అన్నయ్యా. నీ కూతుర్ని ఒగ్గేసి పోనాడంటే నువ్వు కత్తొట్టుకుని వస్తావు. మన రెండిళ్లకీ రాకపోకలు తెగిపోతాయి. సచ్చిపోనాడంటే ఏడుస్తావు. అంతే కదా అనుకున్నాను. గుంట నా దగ్గరే ఉంటాది, కూతుర్లాగ సూసుకుందామనుకున్నాను."

పోతురాజు కత్తి తియ్యలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పందిరి బయటికి పోయి నిలబడ్డాడు. ఆ వయసులో ఆయన చెయ్యగలిగింది అంతే.

కంచే చేను మేసిందని అనూరాధ ఎన్నో ఫైళ్లు మూసింది. ఈ ఫైలు మాత్రం ఆ ఇంటి అన్నం తిని తెరిచింది.

ఓ కులపెద్ద గొంతు సవరించుకున్నాడు. "అయినదేదో అయినాది. మొగుడు బతికొచ్చినాడు. గాజులు నిలిసినాయి. అదృష్టం కాదేటే తులసీ?"

తులసి లేచింది. నాగబాబును దాటుకుని పోయింది. అతను అక్కడ ఉన్నట్టే చూడలేదు. లక్ష్మణమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు నువ్వు సేప తింటంటే సూసినానత్తా. అత్త పైకి సచ్చినాడంటన్నాది గానీ లోపల నాలాగే బతికున్నాడని నమ్ముతన్నాది, అందుకే తింటన్నాది అనుకున్నాను. ఆ ధైర్యం మీదే ఇన్నాళ్లూ ఉన్నాను."

"తులసమ్మా..."

"బావ మోసం సేసినాడు. మొగోడు, సేసినాడు. ఏడవాలంటే నీ ఒళ్లో తల ఎట్టుకుని ఏడుద్దునే. సిన్నప్పట్నుంచి అదే కదా అలవాటు." తులసి కళ్లు పొడిగానే ఉన్నాయి. "ఇప్పుడు నీకోసం ఏడవాల. ఎవరి ఒళ్లో ఏడవను, సెప్పత్తా?"