రెండో రోకలి

"ఆ చప్పుడు ఎవరిని అడిగి వాడుకున్నావు?"

నిల్డా నాతో అన్న మొదటి మాట అది. ఆదివారం మధ్యాహ్నం, లిస్బన్ శివారు మసామాలో ఎవరిదో చంటిపిల్ల బాప్తిస్మం విందు. హాలు నిండా జంటలు ఒకరి భుజం మీద ఒకరు గడ్డం ఆనించుకుని, నేను కట్టిన తరాషు పాటకి మెల్లగా కదులుతున్నారు. తరాషు మనిషిని పరుగెత్తించే సంగీతం కాదు. ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఒక నిర్ణయం తీసుకుని, దాన్ని మార్చుకునేంత వ్యవధి ఉంటుంది. నేను మాత్రం ఎప్పుడూ ల్యాప్‌టాప్ వెనకే. జంటల్ని దగ్గర చేసేవాడికి దూరంగా నిలబడే హక్కు ఉందని నాకు నేనే ఒక సిద్ధాంతం చెప్పుకున్నాను.

ఆ చప్పుడు నాదేనన్నాను.

"నీది కాదు. మా అమ్మమ్మ రోకలిది. రోకలి పడ్డాక ఆవిడ ముక్కులోంచి ఒక మూలుగు వస్తుంది. సరిగ్గా విను."

ఆ పాటని రెండు వందలసార్లు విన్నవాణ్ణి. ఆ మూలుగుని ఇన్నాళ్లూ మైకులో పడ్డ గాలి అనుకున్నాను. ఇప్పుడు వినిపించింది. చిన్న "హు". ఒక ముసలి ప్రాణి నా స్పీకర్లలోంచి ఊపిరి వదులుతోంది.

పాటలు కట్టే మా కుర్రాళ్లలో చప్పుళ్ల ఫోల్డర్లు పెన్‌డ్రైవుల్లో చేతులు మారుతూ ఉంటాయి. ఒకడి డప్పు, ఒకడి గంట, ఏది ఎవరిదో ఎవరూ అడగరు. మూడేళ్ల క్రితం నిల్డా ఫోనులో పట్టుకున్న చప్పుడు, వాళ్ల పెదనాన్న కొడుకు జేబులో పడి, నాలుగు కాలనీలు తిరిగి నా దగ్గరికి చేరింది. అప్పటికి దాని పేరు "చెక్క 7". దాన్ని సాగదీసి, బరువెక్కించి, పాటంతా దాని మీదే నిలబెట్టాను.

లిస్బన్‌లో ఒక చిన్న కంపెనీ ఆ పాటని రికార్డుగా వేస్తానంది. అది నా మొదటి రికార్డు. వచ్చే సోమవారానికి ఇవ్వాలి. ఆ దెబ్బ తీసేస్తే పాటే లేదని నిల్డాతో చెప్పాను. బతిమాలినట్టు కనిపించకుండా చెప్పాలనుకున్నాను కానీ కుదరలేదు.

అనుమతి తనది కాదు, అమ్మమ్మదంది. వచ్చే ఆదివారం రైలుకట్ట పక్క తోటకి రమ్మంది. వెళ్తూ వెళ్తూ, "మంచి చొక్కా వేసుకోకు" అంది.

ఆ చివరి మాటకి అర్థమేమిటా అని వారమంతా ఆలోచించాను. ఎగతాళా? లేక నేను ఆవేళ వేసుకున్న చొక్కా మంచిదని గమనించిందా? బుధవారానికి రెండూ నిజమేనని తేల్చుకున్నాను. గురువారానికి, పాట సంగతి ఒక్కసారి కూడా ఆలోచించలేదని తెలిసి భయపడ్డాను.

రైలుకట్ట వాలులో, దీవుల నుంచి వలసొచ్చిన మా వాళ్లు మొక్కజొన్న, చిక్కుడు వేసుకుంటారు. సన్నగా వాన పడుతోంది. రేకు పంచ కింద, బోర్లించిన రంగుల డబ్బా మీద నిల్డా అమ్మమ్మ, దొమింగా అవ్వ, కూర్చుని ఉంది. పక్కనే నడుమెత్తు రోలు. నా హెడ్‌ఫోన్స్ ఆవిడ తలగుడ్డ మీదుగా తొడిగాను. కళ్లు మూసుకుని చివరిదాకా వింది.

"ఇంత నెమ్మదిగా నేనెప్పుడు దంచాను?"

నెమ్మదిగా ఉండటమే దీని అందమనీ, అందుకే వేగం తగ్గించాననీ ఏదో చెప్పబోయాను.

"మా దీవిలో ఇలా దంచే పిల్ల ఇంటికి వారం రోజులు వంట ఉండేది కాదు, బాబూ. నా పేరు మీద ఈ బద్ధకాన్ని ఊరంతా వినిపిస్తావా?"

నిల్డా చిక్కుడు తీగల వైపు తిరిగింది. నవ్వు దాచుకుందామని తిరిగింది కానీ భుజాలు చెప్పేస్తున్నాయి.

అవ్వ మోకాలి మీద వేళ్లతో నా పాట మళ్లీ ఒకసారి వేసుకుంది. ఈసారి కోపం లేదు. "ఇందులో దంచేది ఒక్కతే. ఆ ఖాళీ రెండో రోకలిది. రెండో మనిషి ఏరి?"

అవ్వ నాకు ఒక రోకలి, నిల్డాకి ఒక రోకలి ఇచ్చి, నానబెట్టిన మొక్కజొన్న రోట్లో పోయించింది.

ఆరేళ్లుగా లయలు కడుతున్నాను. ఇంకొకరి దెబ్బకి నా దెబ్బ సందు వెతుక్కోవాల్సిన అవసరం ఒక్కరోజూ రాలేదు. నా గదిలో ప్రతి చప్పుడూ మౌస్ చెప్పినట్టు వింటుంది. ఇక్కడ మొదటి విడతలోనే రోకళ్లు ఢీకొని అరచేతులు జివ్వుమన్నాయి. రెండోసారీ అంతే. మూడోసారి మొక్కజొన్న నా బూట్లలోకి దూకింది.

నిల్డా ఆగింది. "లెక్కపెడుతున్నావు కదూ, అడెరితూ?"

"పెట్టకపోతే ఎప్పుడు వెయ్యాలో ఎలా తెలుస్తుంది?"

"నన్ను చూడు. నాది లేచినప్పుడు నీది పడాలి. అంతే."

వచ్చినప్పటి నుంచీ నేను తప్పించుకుంటున్నదే ఆ పని. చూశాను. కనుబొమ్మ మీద ఒక వాన చినుకు. రోకలి ఎత్తే ముందు ఆమె పీల్చే కొంచెం గాలి. ఎంతసేపయిందో తెలియదు, రోకళ్లు ఢీకొనడం మానేశాయి. రైలొకటి కట్టంతా అదిరిస్తూ పోయింది. ఇద్దరిలో ఎవరూ తప్పలేదు. పాటల్లో నేను వదిలే ఆ ఖాళీని ఇన్నేళ్లూ నా శైలి అని చెప్పుకున్నాను. నిజానికి అది ఎదురుచూపు. ఎవరి కోసమో నన్ను నేను అడగలేదు, అంతే.

"నిల్డా, ఈ పాట కోసమే వచ్చాననుకున్నాను."

"కాదా?"

"పాట లేకపోయినా వచ్చేవాణ్ణి."

ఆమె రోకలి గాలిలోనే నిలిచిపోయింది. నాదీ ఆగింది. రోటి మీదుగా ఇద్దరం ఒకరినొకరం చూసుకుంటూ, వంతు ఎవరిదో మరిచిపోయి నిలబడ్డాం.

"రికార్డ్ చేశావా?" అంది చివరికి, చాలా మెల్లగా.

జేబులో రికార్డర్ ఉంది. నొక్కలేదు. మామూలుగా లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడైనా రికార్డ్ చేసుకునేవాణ్ణి నేను.

"రేపే కదా ఇవ్వాలన్నావు?"

"ఇంకా పూర్తి కాలేదని చెప్తాను."

"వాళ్లు ఆగకపోతే?"

"ఆగకపోవచ్చు." ఆ మాట అన్నప్పుడు ఇంత తక్కువ బాధ కలగడం నాకే వింతగా ఉంది.

అవ్వ లేచి వచ్చి, చిటికెడు పిండి వేళ్ల మధ్య నలిపి చూసింది. ముతకగా ఉందంది. ఈ అబ్బాయి చెయ్యి సన్నపిండికి రావాలంటే చాలా ఆదివారాలు పడుతుందంది. ఆ మాట నిల్డా వైపు చూస్తూ అంది.

నిల్డా మొక్కజొన్న సంచి విప్పి, రోట్లో ఇంకో రెండు దోసిళ్లు పోసింది.