గుహలో లైట్లు ఆర్పిన వేళ

“ఉదయ్, డాక్టర్ రామమోహన్‌ని ఈ రోజే చంపబోతున్నారు.”

అది న్యూమెక్సికో ఎడారిలో ఒక గ్యాస్ స్టేషన్. 1981 జూలై ఎండకి పే ఫోన్ రిసీవర్ చెవిని కాలుస్తోంది. అవతల వాషింగ్టన్ నుంచి చీఫ్ కొండల్ రావు.

“ఎక్కడ సార్?” అన్నాడు ఏజెంట్ ఉదయ్.

“అండర్‌గ్రౌండ్ కేవర్న్స్‌లో. పాయిజన్ నీడిల్. చూసినవాళ్ళు హార్ట్ ఎటాక్ అనుకోవాలి. చంపేదెవరో తెలీదు.”

“ఆయనకి చెప్పేస్తే?”

“భయపడి సాక్ష్యం మానేస్తాడు. మన రాకెట్ డిజైన్లు కొన్న స్పై రింగ్‌ని గుర్తుపట్టగలిగేది ఆయనొక్కడే. సోమవారం ఢిల్లీ కోర్టులో ప్రాణాలతో నిలబడాలి. రాధారాణి నీతోనే ఉందిగా, ఇద్దరూ చూసుకోండి.”

రాధారాణి అతని పార్ట్‌నర్. ఈ మిషన్‌లో అతని భార్య వేషం. ఆమె నవ్వితే పాస్‌పోర్ట్ చూడకుండానే ఆఫీసర్లు స్టాంప్ వేసేవారు. ఉదయ్‌కి ఆమె మీద నమ్మకం. నిజం చెప్పాలంటే నమ్మకం కంటే కాస్త ఎక్కువే.

రామమోహన్ హ్యూస్టన్‌లో ఉండే పిన్ని అనంతలక్ష్మితో కలిసి క్యాంపింగ్‌కి వచ్చాడు. వాళ్ళ టెంట్ పక్కనే ఉదయ్ టెంట్ వేశాడు. ఎడారిలో తెలుగు మాట చెవిన పడితే అనంతలక్ష్మి ఊరుకునే మనిషి కాదు. మొదటి పూటే ఇద్దరికీ పులిహోర పెట్టి, ఇంకా పిల్లలెందుకు కలగలేదని నిలదీసింది. ఆ ప్రశ్నకి జవాబు ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పరు.

“గుహలెందుకండీ ఈ ఎండలో?” అన్నాడు ఉదయ్, ఫోన్ దగ్గర్నుంచి తిరిగొచ్చి.

“లోపల చల్లగా ఉంటుందట బాబూ. పదండి, స్టేషన్ వాగన్ ఎక్కండి,” అంది అనంతలక్ష్మి.

గుహల్లోకి లిఫ్ట్ సగం దిగకముందే ఉదయ్ వాచీలోని ట్రాన్స్‌మిటర్ మూగబోయింది. కింద గుహలు చూపించే రేంజర్ అందరి టార్చిలైట్లూ తీసుకున్నాడు. రాధారాణి గాజులు తీసి బ్యాగులో వేసుకుంది. చలికి చేతులకి చల్లగా తగులుతున్నాయంది. ఉదయ్ నమ్మాడు.

గుంపులో కౌబాయ్ టోపీ మనిషొకడు మాటిమాటికీ రామమోహన్ వైపు చూస్తున్నాడు. 

“నువ్వు ఆయన వెనకే నిలబడు. వాడి సంగతి నేను చూస్తాను,” అన్నాడు ఉదయ్ రాధారాణితో.

“అలాగే,” అందామె.

పైనుంచి రాతి జడలు వేలాడుతున్నాయి. ఒకచోట నేలలోంచి నున్నటి రాయి లేచింది. దాని మీద బొట్టుబొట్టుగా నీళ్ళు పడుతున్నాయి.

“అచ్చం బొర్రా గుహల్లో శివుడేరా,” అంది అనంతలక్ష్మి చెంపలు వేసుకుంటూ.

ఇంతలో రేంజర్, అసలైన చీకటి ఎలా ఉంటుందో చూపిస్తాను, ఎవరూ కదలొద్దని చెప్పి స్విచ్ ఆపేశాడు.

కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ఉదయ్ తడుముకుంటూ కౌబాయ్ చెయ్యి దొరకబుచ్చుకున్నాడు. ఆ చెయ్యి గజగజ వణుకుతోంది. పాపం వాడికి చీకటంటే భయం.

మరైతే ఎవరు?

రాధారాణి వైపు చెవి పెట్టాడు. రెండు రోజులుగా మోగుతున్న గాజులు ఇప్పుడు మోగడం లేదు. వాటినెందుకు తీసిందో అప్పుడర్థమైంది. లైట్లు ఆర్పుతారని ఆమెకి ముందే తెలుసు.

చంకలో రివాల్వర్ ఉంది. ఎవర్ని కాలుస్తాడు? అరిస్తే సూది ఇంకో క్షణం ముందు దిగుతుంది. పులి పక్కన మేకని తన చేత్తోనే కట్టేశాడు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఉదయ్‌కి ఏడుపొచ్చింది.

“ఇదెక్కడి అప్రాచ్యపు పనిరా రాముడూ, శివుడి ముందు దీపం ఆర్పేస్తారా ఎవరైనా?”

అనంతలక్ష్మి గొంతు. వెంటనే అగ్గిపుల్ల గీసిన చప్పుడు. కుంకుమ భరిణె మూత మీద కర్పూరం భగ్గుమంది. రేంజర్ కేకలేస్తున్నా ఆమె రాతికి హారతి తిప్పుతూనే ఉంది.

ఆ వెలుగులో ఉదయ్ చూశాడు. రామమోహన్ మెడ వెనక రాధారాణి చేతిలో సిరంజి ఉంది. మంట చూసి ఒక్క క్షణం ఆగిన చెయ్యి, అందరి చూపూ హారతి మీదే ఉందని మళ్ళీ లేచింది. మధ్యలో ఆరుగురు మనుషులు. ఉదయ్ కదల్లేకపోయాడు.

అనంతలక్ష్మి ఏమీ ఎరగనట్టే ఇటు తిరిగి, రామమోహన్‌ని దాటించి ఆడపిల్లకే ముందు చూపించింది. “తీసుకో తల్లీ, కళ్ళకద్దుకో.”

రాధారాణి ఎన్నో దేశాల్లో ట్రైనింగ్ అయిన మనిషి. అంతకంటే ముందు ఎవరో అమ్మ ఒళ్ళో కూర్చుని హారతి తీసుకున్న పిల్ల. రెండు చేతులూ వాటంతటవే తెరుచుకుని మంట మీదికి వెళ్ళాయి. సిరంజి రాతి మీద పడి పగిలింది.

లైట్లు వెలిగాక ఉదయ్ ఆమె మణికట్టుకి బేడీలు వేశాడు. రాధారాణి పెనుగులాడలేదు. తన అరచేతుల వంకే చూసుకుంటోంది.

సాయంత్రం మళ్ళీ అదే పే ఫోన్.

“గుడ్ వర్క్,” అన్నాడు కొండల్ రావు. “ఒక్క డౌట్. వెలుగొచ్చాక నువ్వు రివాల్వర్ ఎందుకు తియ్యలేదు?”

ఉదయ్ రిసీవర్‌ని ఇంకో చెవికి మార్చుకున్నాడు. 

“అప్పటికే నేను దణ్ణం పెట్టేశాను సార్.”