అప్పలసూరి మాస్టారి చెయ్యి

"కదలకండి. ఇంకా పదకొండు నిమిషాలు," అంది డాక్టర్ అపరంజి అద్దం అవతలనుంచి.

కదలడానికి సువార్తకి చోటెక్కడుంది? మెడనుంచి మడమలదాకా వైర్ల తొడుగు, తలమీద బరువైన హెల్మెట్. కుడిచెయ్యి దానంతటదే లేస్తోంది, మణికట్టు మెలి తిరుగుతోంది, మళ్లీ ఒళ్లో పడుతోంది. లోపల ఎవరో కూర్చుని తన చేతిని ఆడిస్తున్నట్టుంది. భయమేసింది. అయినా పళ్లు బిగబట్టి కూర్చుంది. బయటున్న భయం ఇంతకంటే పెద్దది మరి.

ఆ యంత్రం పేరు అభ్యాసిని. విశాఖపట్నంలో ఆ ఏడు దాని గురించి మాట్లాడనివాళ్లు లేరు. అందులో మాయా మర్మం ఏమీ లేదు. సైకిల్ ఒకసారి వచ్చేశాక బుర్ర ఆలోచించక్కర్లేదు, ఒళ్లే తొక్కేస్తుంది. ఆ ఒంటి జ్ఞాపకం చాలావరకు చిన్నమెదడులో ఉంటుంది. ఏళ్లతరబడి సాధన చేసినవాళ్ల దగ్గర ఆ సిగ్నల్స్ రికార్డ్ చేసి, ఇంకొకరి చిన్నమెదడులో ముద్ర వెయ్యడమే దాని పని. ఆరు సిట్టింగులు, అంతే. వీణ అయింది, ఈత అయింది, ఇప్పుడు హాప్కిడో. ఎదుటివాడి బలాన్ని వాడిమీదికే తిప్పి, కీళ్లు మెలేసి పడగొట్టే కొరియా విద్య అది. రైల్వే కాలనీ హాల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా దాన్ని నేర్పుతున్న అప్పలసూరి మాస్టారి ఒంట్లోంచి ఆ సిగ్నల్స్ తీశారు.

సువార్తకి ఆ విద్యతో పనిపడింది తిలక్ వల్ల. ఆమె ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో చేస్తుంది. తెల్లారి ఐదింటికే బయల్దేరి, ఇళ్లకెళ్లి పరగడుపు రక్తం తీసుకొస్తుంది. ఆ సెంటర్లోనే వ్యాను నడిపిన తిలక్ పెళ్లి చేసుకోమని వెంటపడ్డాడు. వద్దంది. ఆమె ఫిర్యాదుతో వాడి ఉద్యోగం పోయింది, ఇక పగబట్టాడు. "ఎవరికీ పనికిరాకుండా చేస్తా నిన్ను," అని రెండుసార్లు ఫోన్ చేశాడు. పోలీసులు పిలిచి మందలించారు, వాడు సరేనని తలూపి వచ్చాడు. అప్పటినుంచి ప్రాణం అరచేతిలో పెట్టుకునే తిరుగుతోంది.

మొదట మాస్టారి దగ్గరికే వెళ్లింది. "నిజంగా ఆపదలో అక్కరకు రావాలంటే నాలుగేళ్లు పడుతుంది తల్లీ," అన్నాడాయన. నాలుగేళ్లదాకా తిలక్ ఆగుతాడా ఏమిటి? అందుకే యంత్రం ఎక్కింది.

ఆరో సిట్టింగ్ అయ్యాక పరీక్ష పెట్టారు. చెక్క కత్తి పట్టుకుని ట్రైనర్ మీదికొచ్చాడు. ఏం చేసిందో సువార్తకే తెలీదు. కన్ను మూసి తెరిచేలోగా అతను చాపమీద వెల్లకిలా ఉన్నాడు, కత్తి తన చేతిలో ఉంది. ఆ తర్వాత చెయ్యి చాచి అతన్ని లేపింది. కత్తి తిప్పి, పిడి అతని వైపు పెట్టి, రెండు చేతులా అందించింది. ఒకడుగు వెనక్కి వేసి వంగి నమస్కరించింది.

ల్యాబంతా చప్పట్లు. "చూశారా, మాస్టారి సంస్కారం కూడా దిగిపోయింది!" అని మురిసిపోయింది అపరంజి. సువార్త బావురుమంది. ఏడాదిగా గుండెలమీదున్న బరువు ఆ ఏడుపుతో కొంత దిగింది.

తొమ్మిదో రోజు పొద్దున్న, పెదవాల్తేరు సందులో సువార్త ఒక పెద్దాయన ఇంటి గేటు తీయబోతుంటే తిలక్ వెనకనుంచి మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేతిలో కత్తి, చెక్కది కాదు.

అభ్యాసిని మాట తప్పలేదు. సువార్త ఒళ్లు గిర్రున తిరిగింది, తిలక్ మోచెయ్యి మెలిపడింది, రోడ్డుమీద ధబ్బున పడ్డాడు. కత్తి ఆమె చేతికొచ్చింది. పరిగెత్తు, పరిగెత్తవే అని మనసు అరుస్తోంది. ఒళ్లు వింటేగా! చెయ్యి చాచి వాణ్ణి లేపింది. కత్తి తిప్పింది. వద్దు, వద్దు అనుకుంటూనే, చేజేతులా పిడి వాడివైపు పెట్టి అందించింది. తిలక్ నోరు తెరిచాడు. తీసుకున్నాడు. ఆమె ఒకడుగు వెనక్కి వేసి నడుం వంచింది.

వంగిన మనిషిని పొడవడం ఎంతసేపు?

పాలవ్యాను డ్రైవరు కేకలేసి పరిగెత్తుకొచ్చాడు కాబట్టి బతికింది. భుజంలో ఒక పోటు, పక్కటెముకల కింద ఒకటి. పద్దెనిమిది రోజులు ఆస్పత్రిలో ఉంది. ఆమె ఇంకా మంచం దిగకముందే తిలక్‌కి బెయిలొచ్చింది. సందులోని సీసీ కెమెరాలో అంతా రికార్డయి ఉంది కదా. "కత్తి ఆవిడే ఇచ్చింది, రెండు చేతులా ఇచ్చి దణ్ణం కూడా పెట్టింది. చంపడానికొచ్చినవాడికి ఎవరైనా దణ్ణం పెడతారా? ఇద్దరూ ప్రాక్టీసు చేసుకుంటుంటే పొరపాటున తగిలింది," అని వాడి లాయరు వాదించాడట.

మాస్టారు చూడ్డానికొచ్చాడు. మంచం పక్కన స్టూలుమీద కూర్చున్నాడు.

"మాస్టారూ, మీరెప్పుడైనా నిజంగా ఎవర్నయినా కొట్టారా?" అడిగింది సువార్త.

ఆయన తల దించుకున్నాడు. "లేదమ్మా. ఇరవై ఎనిమిదేళ్లలో ఒక్కసారీ లేదు. అందరూ నా శిష్యులే. పడగొట్టడం, లేపడం, ఆయుధం తిరిగిచ్చెయ్యడం, నమస్కారం. అదంతా కలిపి ఒకటే పాఠం మాకు. నా దగ్గర లేనిది ఆ యంత్రం ఎక్కణ్ణుంచి తెస్తుంది తల్లీ?" కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయాడు.

డిశ్చార్జి రోజు అపరంజి వచ్చింది. క్షమాపణ చెప్పింది, నిజంగానే చెప్పింది. ఒక్కసారి పడిన ముద్రని చెరపడం ఇంకా రాదంది. దానిమీద మరొకటి వెయ్యడమే దారి. "ఈసారి సాధన చేసినవాళ్లు కాదు సువార్తా, నిజంగా చెయ్యి చేసుకున్నవాళ్లు కావాలి. కిందపడ్డా లేచి, తడబడకుండా, జాలిపడకుండా కొట్టేవాళ్లు. వెతికాం. అలాంటి రికార్డింగు ఇప్పటికి ఒక్కటే దొరికింది."

"ఎవరిది?"

అపరంజి ఆమె మొహంవైపు చూడలేకపోయింది. "తిలక్‌ది. అడగ్గానే ఒప్పుకున్నాడు. గర్వపడ్డాడు కూడా."

సువార్త లేచి కిటికీ దగ్గరికెళ్లింది. వాడి చెయ్యి తన ఒంట్లోనా? కొరివితో తల గోక్కోవడం కాదూ ఇది? రేపు ఆ చేత్తో ఏ పసిబిడ్డ రక్తమో తియ్యాలి, కన్నతల్లికి అన్నం పెట్టాలి. ఛీ, చచ్చినా వద్దు అనుకుంది. కిటికీలోంచి కిందికి చూసింది. ఆస్పత్రి గేటుకెదురుగా టీ బడ్డీ దగ్గర తిలక్ నిలబడి ఉన్నాడు, గ్లాసు ఊదుకుంటూ, తీరిగ్గా. సోమవారంనుంచి తనకి మళ్లీ తెల్లారి ఐదింటికి డ్యూటీ.

"కాగితాలివ్వండి మేడమ్," అంది.

సంతకం పెడుతుంటే చెయ్యి గజగజ వణికింది. పెన్ను ఆపి దానివైపు చూసుకుంది. వణికినా అది తన చెయ్యే. ఇంకో ఆరు సిట్టింగులైతే అది వణకదు.